మూడో నంబరు కోడె తిన్న తిండి

పోయిన నెలలో మా అమ్మాయి క్లాసు పిల్లలని ఊరి చివరున్న యూనివర్సిటీ వాళ్ల పశువుల కొట్టం చూపించడానికి తీసుకెళ్తున్నారనీ, తోడు రావడానికి ఇద్దరు తల్లులు కావాలనీ స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. నేను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివి, ఇంతమంది తల్లులుండగా ఇది సరిగ్గా నా చేతికే ఎందుకొచ్చిందా, నేనక్కడ ఒకప్పుడు పనిచేశానని ఎవరైనా టీచరు చెవిన వేశారా అని అరపూట ఆలోచించాను. కాగితం క్లాసులో అందరి ఇళ్లకీ వెళ్లిందని మర్నాడు తెలిసింది. తెలిశాక కూడా సంతకం పెట్టడానికి ఇంకో అరపూట పట్టింది. నన్నెరిగిన వాళ్లెవరికీ ఇందులో వింత కనబడదు. కూరగాయలు తూచేటప్పుడు తక్కెడ వైపు కాక అమ్మేవాడి బొటనవేలి వైపు చూడాలని నేర్పిన ఇంట్లో పుట్టినదాన్ని. బెజవాడ బీసెంట్ రోడ్డులో మా అమ్మ బేరమాడుతుంటే పక్క కొట్ల వాళ్లు కూడా వచ్చి వినేవాళ్లు.

వెళ్లాం. కొట్టం అక్కడే ఉంది గానీ పాత ఇటుక గోడలకి కొత్త రేకులు తొడిగారు. లోపల ఒక కోడె, పరిశోధన కోసం ఎడమ డొక్కకి చేసిన కంతకి గుండ్రటి మూత బిగించుకుని, ఏమీ పట్టనట్టు నెమరేస్తోంది. అక్కడ చూపించే అమ్మాయి ఆ మూత తీసి, భుజం దాకా గ్లౌజు తొడుక్కున్న చేతిని పశువు పొట్టలోకి పోనిచ్చి, పొగలు కక్కుతున్న గడ్డి ముద్ద ఒకటి బయటికి తీయగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "ఇగిట్!" అని అరిచారు. ఛీ అనడానికి ఇక్కడి జర్మన్ పిల్లల మాట అది. మా అమ్మాయి అందరికంటే గట్టిగా అరిచి నా కోటు వెనక దూరింది. పెద్దవాళ్లు కూడా చేతిరుమాళ్లు తీశారు. ముక్కు మూసుకోనిదాన్ని నేనొక్కదాన్నే. అది గమనించిందో ఏమో, ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, "ఆంటీ, మీరు తెలుగా?" అంది. హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లట. తెలుగే అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాలంటే ఆ మూత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, అదంతా అక్కడ నిలబడి చెప్పేది కాదు.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, చదువుకున్న విదేశీయులకి జర్మనీలో ఉద్యోగం చేసుకోనిచ్చే బ్లూ కార్డు కొత్తగా వచ్చిన రోజులు. అంతకు ముందు ఈ దేశంలో తెలుగువాళ్లంటే ఎప్పుడో వచ్చి స్థిరపడిపోయిన డాక్టర్లూ ఇంజనీర్లూనూ. వాళ్ల ఇళ్లల్లో పియానో ఉండేది, ఆవకాయ మాత్రం డ్రాయర్లో దాచుకునేవాళ్లు. ఆ తర్వాత మేం వచ్చాం, సూట్‌కేసు నిండా పప్పులు పోసుకుని. మా వెనకాలే విద్యార్థులు వచ్చారు, మొదట ఇద్దరు ముగ్గురు, ఆ పైన రైలు దిగితే చాలు ఎక్కడో ఒకచోట తెలుగు వినబడేటంతమంది. మా ఆయన డార్మ్‌స్టాట్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేవారు. పొద్దున్నే చీకటుండగా రైలెక్కేవారు. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, మూడేళ్లు ఆయన కార్డు మీద వచ్చిన భార్యగా ఇంట్లో కూర్చున్నాను. ఆ మూడేళ్లలో నేను మెట్లు తుడిచే వంతు ఎవరిదన్న సంగతి మీద మూడో అంతస్తు ఆవిడతోనూ, చెత్తడబ్బాల రంగుల మీద ఇంటి యజమానితోనూ, టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, లేకుండా వచ్చానని అడ్డుకున్న విదేశీయుల ఆఫీసు గుమాస్తాతోనూ వాదించి, వాదించడానికి కావలసినంత జర్మన్ నేర్చుకున్నాను. ప్రేమగా మాట్లాడే జర్మన్ నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

అలాంటి సమయంలో యూనివర్సిటీ కొట్టానికి అనుబంధంగా ఉన్న ల్యాబులో ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం దొరికింది. నా చదువుకి తగ్గ మొదటి ఉద్యోగం. పరీక్ష సవ్యంగా ముగిస్తే వసంతంలో ఇంకో రెండేళ్లు పొడిగిస్తానని ప్రొఫెసరమ్మ మాటిచ్చింది. ఆ మాటని రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను, ఆవిడ నవ్వి ఇవ్వలేదు. నవ్వడం చూసి నాకు అనుమానం వచ్చింది, అది వేరే సంగతి.

పని ఏమిటంటే, మాంసం కోసం పెంచే కోడెలు ఎండుగడ్డి నుంచి గింజల దాణాకి మారినప్పుడు వాటి పొట్టలో సూక్ష్మజీవులు ఎలా మారతాయో చూడడం. మాంసం కోసం అన్న ముక్క బెజవాడకి చెప్పలేదు. మా అమ్మకి పాల పరిశోధన అని చెప్పాను, ఆవిడ ఎన్ని లీటర్లిస్తాయని అడిగేది, నేను సుమారుగా ఏదో ఒకటి చెప్పేదాన్ని. నెమరేసే పశువు గడ్డిని తనంతట తాను అరిగించుకోలేదు, ఆ పని చేసేది దాని పెద్ద పొట్టలో కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. గడ్డి వేస్తే పీచుని విరగ్గొట్టేవి పెరుగుతాయి, గింజలో పిండో వేస్తే పిండి పదార్థం మీద పడేవి పెరుగుతాయి. విద్యార్థుల అద్దె ఇళ్లు చూశారు కదా, ఒక వంటగదీ ఆరుగురు పిల్లలూ, ఇద్దరు ఖాళీచేసి కొత్తవాళ్లు ఇద్దరు దిగితే వారం తిరిగేసరికి ఆ ఇంటి వాసనే మారిపోతుంది, అచ్చం అలాగే. అందుకే మార్పు మెల్లిగా, రెండు మూడు వారాలమీద చెయ్యాలి. ఒక్కసారిగా పిండి కుమ్మరిస్తే పొట్ట పులిసిపోతుంది, పశువు మేత మానేస్తుంది, నెమరు తగ్గిపోతుంది. ఇదంతా ఇప్పుడు సూపర్‌మార్కెట్లో పెరుగు డబ్బా మీద కూడా బొమ్మలేసి చెప్తున్నారు గానీ అప్పట్లో మా వాళ్లకి చెప్తే, పేడ మీద పీహెచ్‌డీనా అని నవ్వేవాళ్లు.

మొత్తం నాలుగు కోడెలు. నాలుగింటికీ డొక్కలో కిటికీలు. మొదటి ఆరు వారాలూ ఒట్టి ఎండుగడ్డి, ఆ తర్వాతే దాణా. వారానికి రెండుసార్లు, పొద్దున మేత వేయకముందు, నేను మూతలు తీసి లోపలి రసం పట్టుకుని, పులుపు కొలిచి, కొంత సూక్ష్మదర్శిని కింద చూసి, మిగతాది గడ్డకట్టించి వేరే ల్యాబుకి పంపేదాన్ని. మొదటి రెండు వారాలూ నాలుగు పొట్టలూ ఒకే తల్లి బిడ్డల్లా నడిచాయి. మూడో వారంలో మూడో నంబరు కోడె దారి తప్పింది. తక్కిన మూడింటి రసం కోసిన గడ్డిలా వాసనొస్తుంటే, దీనిది మాత్రం పులిసిన వాసన, నాకేదో తెలిసిన వాసన, ఎక్కడిదో చప్పున అందని వాసన. పరికరం కూడా పులుపు పెరిగిందనే చెప్పింది. నెలాఖరుకి వేరే ల్యాబు నుంచి జాబితా వస్తే, గింజలు తినే పశువులో ఉండాల్సిన జీవులు ఇందులో తిష్ఠ వేసి ఉన్నాయి. గింజ అన్నది దాని నోట్లో పడనేలేదు. కాగితం ప్రకారం పడలేదు. కాగితం ప్రకారం పడకుండా పడిందంటే ఎవరో పెడుతున్నారు. నాకు ఆ క్షణం నుంచి నిద్ర తక్కువ, ఉత్సాహం ఎక్కువ. ఇంతకాలం ఊరికే వృథా అవుతున్న నా అనుమానానికి శాస్త్రీయమైన పని దొరికింది.

కొట్టం చూసుకునేది ఒక పెద్దాయన. పక్క ఊరివాడు, పెన్షను ఇంకో రెండేళ్లలో ఉంది. నన్ను చూసి గుటెన్ మోర్గెన్ అనేవాడు కాదు, గడ్డం ఒక అంగుళం పైకెత్తేవాడు అంతే. నాతో మాట్లాడని ఆ మనిషి కోడెలతో మాత్రం వాళ్ల ఊరి యాసలో గంటలకొద్దీ మాట్లాడేవాడు. నేను కొట్టంలో అడుగుపెట్టగానే ఆపేసేవాడు. ఇంతకంటే రుజువేం కావాలి? పైగా ఒకనాడు ఆయన నీలం కోటు జేబులోంచి ఆపిల్ తీసి, చాకుతో చెక్కలు చేసి, చుట్టూ చూసి, రెండో నంబరు కోడె నోట్లో పెట్టడం ఈ కళ్లతో చూశాను. రెండో నంబరుకి పెట్టినవాడు మూడో నంబరుకి ఎందుకు పెట్టడు? రెండో నంబరు పొట్ట శుభ్రంగానే ఉంది కదా అన్న ప్రశ్న నాకు రాలేదు. వచ్చి ఉంటే నేను శాస్త్రజ్ఞురాలిని అయ్యుండేదాన్ని.

సరిగ్గా అదే కాలంలో ఇంట్లో నాకు ఇంకో అనుమానం మొదలైంది. మా ఆయన సాయంత్రం ఐదున్నరకి ల్యాబు దిగువనున్న బస్టాపులో నా కోసం నిలబడి ఉండేవారు, ఇద్దరం కలిసి ఇంటికెళ్లేవాళ్లం. ఐదుంబావు రైలు దిగి నేరుగా వస్తున్నారని నేననుకునేదాన్ని. ఒక ఆదివారం మా కింది వాటాలో ఉంటూ చదువుకునే తెలంగాణ పిల్ల పెరుగు తోడుకి వచ్చి, గిన్నె పట్టుకుని నిలబడి, మాటల్లో మాటగా, "అన్న రోజు నాలుగున్నర బండికే దిగుతడు గదా అక్కా, నేను క్లాసుకెళ్లి వస్తుంటె కనిపిస్తడు, చేతుల బకెట్ గూడ ఉంటది" అనేసి వెళ్లిపోయింది. నాలుగున్నర! ఐదున్నరకీ దానికీ మధ్య ఒక గంట. ఆ గంట ఎక్కడికి పోతోంది? బకెట్టేమిటి? అప్పుడు లెక్కేసుకుంటే ఫ్రిజ్‌లో మిగిలిన అన్నం ఉండటం లేదు, ఆయన తినరు, పారెయ్యరు. బియ్యం సంచీ త్వరగా అడుగంటుతోంది. బేకరీ వాళ్లు ముందురోజు మిగిలిపోయిన రొట్టెలు సంచిలో కట్టి ఇస్తే, ఆ సంచీ తాలూకు రొట్టెపొడి ఆయన కోటు జేబుల్లో కనబడేది. ఎవరికో తిండి పట్టుకెళ్తున్నారు. ఎవరా ఎవరో? ఇల్లు దొరకని విద్యార్థులా, ఇంకెవరైనానా? అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు కదా. పసిగట్టాలని చూశాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వస్తాయి. పగలు ల్యాబులో ఒక పశువుకి ఎవరో రహస్యంగా తిండి పెడుతున్నారని అనుమానం. సాయంత్రం ఇంట్లో తిండి ఎవరికో రహస్యంగా పోతోందని అనుమానం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నాను, ఒకదాని మొహం ఒకటి చూసుకోనివ్వకుండా. పెద్ద డిటెక్టివునని అనుకున్నాను.

ఐదో వారంలో ఉత్తరం రాశాను. వాదించడానికి నేర్చుకున్న జర్మన్ అంతా అందులో పెట్టాను. కొట్టంలో మేత విషయంలో క్రమశిక్షణ లేదనీ, పెద్దాయన కోడెలకి ఆపిల్ పళ్లు పెడుతుండగా నేను స్వయంగా చూశాననీ, మూడో నంబరు పొట్ట పులియడానికి ఆయనే కారణమని నా నమ్మకమనీ రాసి ప్రొఫెసరమ్మకిచ్చాను. ఆవిడ ఆయన్ని పిలిపించింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, రెండో నంబరుకి రెండుసార్లు ఆపిల్ పెట్టిన మాట నిజమే అన్నాడు. మూడో నంబరుకి? లేదు. మరెవరు పెట్టారు? ఆ ప్రశ్న ఆవిడ అడగలేదు, నేను అడగనివ్వలేదు. ఆయన నోరు తెరిచేలోపే ఒక ఆపిల్ పెట్టినవాడు ఇంకేమైనా పెడతాడని నేను మాట కలిపాను. వచ్చే సోమవారం నుంచి ఆయన పశువుల దగ్గరికి రాకూడదనీ, పెన్షను దాకా ట్రాక్టర్ల షెడ్డులో పనిచెయ్యాలనీ తేలింది. ఆ మనిషి నలభై ఏళ్లుగా పశువుల మధ్యే బతికినవాడు. గడ్డం ఒక అంగుళం పైకెత్తాడు, టోపీ పెట్టుకున్నాడు, వెళ్లిపోయాడు. నేను గెలిచాను. గెలిచినప్పుడు సాధారణంగా నాకు ఆకలి బాగా వేస్తుంది, ఆ రోజు వెయ్యలేదు.

అది మంగళవారం. శుక్రవారం పొద్దున మామూలుగా రసం పట్టడానికి మూడో నంబరు మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాను. పైన తేలే గడ్డి తెట్టుని పక్కకి జరిపి, గుప్పెడు తీసి ట్రేలో వేశాను. గడ్డి పుల్లల మధ్య నల్లబడిన ఆకొకటి, నా చిటికెనవేలిలో సగం ఉంటుంది, అంచులు సన్నగా, కొస మొనదేలి, మధ్య ఈనె చెక్కు చెదరకుండా. జర్మనీలో ఏ గడ్డిలోనూ ఆ ఆకు మొలవదు. నేను దాన్ని పటకారతో ఎత్తి నీళ్లలో కడిగాను. కడిగాక వాసన చూశాను, అక్కర్లేకపోయినా చూశాను.

కరివేపాకు.

ఆ రోజుల్లో కరివేపాకంటే ఇప్పట్లా ప్రతి మూలనా దొరికేది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషను వెనక ఒక కొట్టుకి నెలకొకసారి వెళ్లి తెచ్చుకుని, కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి ఫ్రీజర్లో దాచుకుని, పోపుకి ఇన్ని రెబ్బలని తీసి వాడుకునేదాన్ని. ఆ ఊళ్లో ఒక కోడె పొట్టలో కరివేపాకు తేలిందంటే అది బయల్దేరిన మూకుడు ఏదో నాకు తెలుసు. ఆదివారం నేను చేసిన పులిహోర. సగం మిగిలింది. సోమవారానికి లేదు. అప్పుడు ఆ పులిసిన వాసన కూడా ఏమిటో తెలిసింది. పెళ్లయిన కొత్తలో పల్నాడులో మా అత్తవారింట పశువులపాక పక్కనుంచి వచ్చి నేను ముక్కు చిట్లించుకున్న వాసన, కుడితి తొట్టి వాసన. బియ్యం కడిగిన నీళ్లూ, గంజీ, తవుడూ, మిగిలిన అన్నమూ అందులో పడేవి. నేను పట్నం పిల్లని, పాలు పాకెట్లో వస్తాయనుకున్నదాన్ని, ఒక్కసారి చూసి మళ్లీ ఆ వైపుకి పోలేదు. మా ఆయన ఆ తొట్టి దగ్గరే పెరిగారు.

ఆకుని ఒక చిన్న గాజు గొట్టంలో వేసి మూత బిగించి కోటు జేబులో పెట్టుకున్నాను. రోజంతా అది జేబులో ఉంది. పక్కనే సింకు ఉంది. గొట్టం వంచి నీళ్లు వదిలితే ఆకు పోతుంది, మా ఆయనని ఇంట్లో నాలుగు దులిపి ఆపిస్తే పులుపు తగ్గుతుంది, పెద్దాయన పోయాక పొట్ట బాగుపడిందని నేనే నివేదిక రాస్తాను, వసంతంలో రెండేళ్ల కాంట్రాక్టు నా చేతిలో పడుతుంది. ఆయన ట్రాక్టర్ల షెడ్డులో ఉంటాడు. ఇదంతా నేను ఆలోచించలేదని ఇక్కడ రాస్తే మీరు నమ్మకండి. రెండుసార్లు సింకు దాకా వెళ్లొచ్చాను.

ఐదింటికి పని ఆపి కొట్టానికి దిగాను. మూడో నంబరు గది చివరిది, దాని పక్కనే తోట వైపు చిన్న తలుపు. అది ఓరగా తెరిచి ఉంది. మా ఆయన ఆఫీసు కోటు చేతులు పైకి మడిచి, బకెట్టు మోకాళ్ల మధ్య పెట్టుకుని వంగి నిలబడ్డారు, కోడె మూతి పూర్తిగా బకెట్టులో ఉంది. "తిను బొల్లోడా, తిను" అంటున్నారు, దాని తెల్లటి నుదురు గోకుతూ. "ఇయ్యాళ మా మేనేజరు మళ్లీ మీటింగు పెట్టాడు. రెండు గంటలు. నాకు ఒక్క ముక్క మాట్లాడే సందు లేదనుకో. ఇంటికాడ ఉందా అంటే అక్కడా లేదు, నీకు తెలుసుగా." కోడె చెవి ఆడించింది. ఆయన నవ్వారు. పెళ్లయిన ఏడేళ్లలో ఆ నవ్వు నేను రెండు మూడుసార్లు చూసి ఉంటాను.

"ఏమండీ" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి బకెట్టు వెనక్కి లాక్కున్నారు. "ఎప్పుడొచ్చావే?"

"మీటింగు దగ్గర్నుంచీ ఉన్నాను."

చెప్పాను, ఆరు వారాలు దీనికి ఎండుగడ్డి తప్ప ఏదీ పెట్టకూడదనీ, పరీక్షంతా అదేననీ. ఆయన నన్నూ కోడెనీ మార్చి మార్చి చూసి, "ఒట్టి గడ్డేనా? కుడితి నీళ్లు కూడా లేకుండానా? గొడ్డుని అట్టా ఎండగడతారని నాకేం తెలుసే, మర్చిపోయి పెట్టట్లేదేమో అనుకున్నా" అన్నారు. నిజంగా తెలియదు. ఆ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నేను రోజూ ఆయనకి ల్యాబులో ఎవరితో ఎందుకు గొడవైందో పూసగుచ్చినట్టు చెప్పాను గానీ, అక్కడ ఏం చేస్తానో ఒక్కరోజు చెప్పలేదు. ఆయన అడగడానికి సందివ్వలేదన్న మాట కోడె ముందే తేలిపోయింది.

ఈలోగా తోట తలుపు దగ్గర పార పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయనకి పశువుల దగ్గర అదే చివరి శుక్రవారం. మా ఇద్దర్నీ, బకెట్టునీ చూశాడు, ఆశ్చర్యపోలేదు. నాకు అప్పుడు వెలిగింది, రోజూ ఆ తలుపు గడియ తీసి ఉంచుతున్నది ఎవరో. మీకు తెలుసు కదా, ఆ రోజు గదిలో ఎందుకు చెప్పలేదని నా గొడవల జర్మన్‌లోనే అడిగాను. ఆయన నాకు అర్థం కావాలని యాస తగ్గించి నెమ్మదిగా చెప్పాడు: "బకెట్టు నేను పోయిన వారమే చూశాను. అంతకు ముందు మాటలే విన్నాను. మనిషి రోజులో ఎవరో ఒకరితో మాట్లాడాలి. నేను పెట్టింది నేను చెప్పాను. ఆయన పెట్టింది ఆయన చెప్పుకోవాలి." అని చేతిలోని పారతోనే మూడో నంబరు గదిలో పేడ తీయడం మొదలుపెట్టాడు. మా ఆయనకి ఆ జర్మన్ ఎంత అర్థమైందో గానీ, బకెట్టు కింద పెట్టి ఇంకో పార అందుకున్నారు. నేను ఆ బకెట్టుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగాను.

సోమవారం పొద్దున, పెద్దాయన షెడ్డుకి వెళ్లవలసిన వేళకి ముందే, గాజు గొట్టం ప్రొఫెసరమ్మ బల్ల మీద పెట్టాను. మా ఆయన తోడొస్తానన్నారు, వచ్చారు, కుర్చీ అంచున కూర్చుని, తనకొచ్చిన జర్మన్‌లో, రొట్టెలూ అన్నమూ తానే పెట్టానని చెప్పారు. ఆవిడ ఆకుని వెలుతురుకెత్తి చూసి, మీ దేశంలో పశువులకి ఇది మందా అని అడిగింది. కాదు, మాకు పోపు అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా ఉత్తరాన్ని నా ఎదురుగానే చింపి, పెద్దాయనని కొట్టంలోనే ఉంచమని ఫోన్ చేసింది. మూడో నంబరుని పరీక్షలోంచి తీసేశారు. నా కాంట్రాక్టు మార్చితో ముగుస్తుందనీ, పొడిగించడం కుదరదనీ ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. ఈసారి రాతపూర్వకంగా ఇచ్చింది.

ఆవిడ ఇచ్చిన సర్టిఫికెట్‌లో నేను "అసాధారణంగా అప్రమత్తమైన" ఉద్యోగినినని రాసుంది. ఈ దేశంలో సర్టిఫికెట్ల భాషకి పైకో అర్థం లోపలో అర్థం ఉంటాయంటారు. పదేళ్లు దాటింది, అది మెచ్చుకోలో చురకో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత చాలాకాలానికి తిండి పదార్థాలు తనిఖీ చేసే ఒక ల్యాబులో చేరాను. అనుమానించడానికి జీతమిస్తారు, సుఖంగానే ఉంది.

చివరి రోజు కోటూ తాళాలూ అప్పగించి కొట్టం మీదుగా వెళ్తుంటే పెద్దాయన ఎదురొచ్చాడు. క్షమించమని అడగడానికి నేను మూడు రోజులుగా ఒక వాక్యం తయారుచేసుకున్నాను, వ్యాకరణం కూడా సరిచూసుకున్నాను. ఆయన దాన్ని సగంలో ఆపి, జేబులోంచి ఆపిల్ తీసి నా చేతిలో పెట్టి, గడ్డంతో చివరి గది వైపు చూపించాడు. పరీక్షలోంచి తీసేశాక దానికి ఎవరు ఏం పెట్టినా తప్పు లేదు. అన్నాళ్లూ దాని పొట్టలోకి చెయ్యి పెట్టినదాన్ని, దాని నోటికి ఏదైనా అందించడం అదే మొదలు. నాలిక గరుకుగా, వేడిగా ఉంది. గ్లౌజు లేదు. మాంసం కోసం పెంచినది ఎక్కడికెళ్లాలో అది అక్కడికే వెళ్లింది. ఏ వారంలో వెళ్లిందో మా ఆయన అడగలేదు, నేనూ కనుక్కోలేదు. ఆ వసంతమంతా ఆయన ఐదుంబావు బండికే దిగారు. బకెట్టు బాల్కనీలో బోర్లించి ఉండేది. నేను మాత్రం సాయంత్రాలు, ఇవాళ ఆఫీసులో ఏమైందండీ అని అడగడం నేర్చుకున్నాను. అడిగి, గట్టిగా పళ్లు బిగపట్టుకుని, జవాబు పూర్తయ్యేదాకా ఆగడం కూడా.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆ హైదరాబాదు పిల్ల మా అందరికీ కొత్త ఏర్పాట్లన్నీ గర్వంగా చూపించింది. ప్రతి కోడె చెవిలోనూ చిప్పు, ఆ చిప్పు గుర్తుపడితేనే దాని మేతతొట్టి తెరుచుకుంటుంది. ప్రతి గది మీదా కెమెరా. పొట్టలోనే ఉండి పులుపు కొలిచే గోలీ ఒకటి. "వేరేది ఒక్క ముద్ద తిన్నా నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తది ఆంటీ" అంది. మంచిదేనమ్మా అన్నాను. మంచిదే. ఆ రోజుల్లో ఇది ఉంటే రెండో రోజుకే దొంగ దొరికేవాడు, ఒక పెద్దమనిషి మీద నేను ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు, నా ఉద్యోగమూ నిలిచేది. పెట్టినవాడెవరో ఆ కెమెరా చెప్పి ఉండేది. తెలిసి కూడా చెప్పనివాడు ఒకడున్నాడని మాత్రం చెప్పేది కాదు. ఇప్పుడు అక్కడ పెద్దాయనలాంటి వాళ్లెవరూ లేరు. ముగ్గురు తెర ముందు కూర్చుని చూసుకుంటారట. చివరి గది పక్కనుండే తోట తలుపుని ఇటుకలతో మూసేశారు. ఇటుకల రంగు తక్కిన గోడతో కలవలేదు, తలుపున్న చోటు తలుపులాగే కనబడుతోంది.

సాయంత్రం ఇంటికొచ్చాక మా అమ్మాయి వాళ్ల నాన్నకి ఆ పొట్టా మూతా గురించి జర్మన్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన అంతా విని, అది లోపలికెళ్లిపోయాక, బియ్యం కడుగుతున్న నా పక్కకి వచ్చి నిలబడి, "బొల్లోడి గది పక్కన తలుపు ఉండేది గదా, ఉందా?" అని అడిగారు.

ఉంది, ఇంకా ఓరగానే వేసి ఉంచుతున్నారు అన్నాను. కడిగిన నీళ్లు సింకులోకి వంచేశాను. నాలాంటి దాని మాట ఎవరైనా సరే ఇంకోసారి అడిగి రూఢి చేసుకుంటారు. ఆయన అడగలేదు, తలూపి, నవ్వుకుని, వెళ్లి అమ్మాయి పక్కన కూర్చున్నారు.